ఇల్లు అమ్మే ముందు విద్యుత్ భద్రతా తనిఖీ: సన్నాహం నుంచి అప్పగింత వరకు

ఇల్లు అమ్మకానికి పెట్టబోయేవారు వైరింగు విషయంలో సాధారణంగా రెండు పనులు చేస్తారు. తెలిసిన ఎలక్ట్రీషియన్‌ను పిలిచి అంతా బాగానే ఉందని అనిపించుకుంటారు, లేదా పాత స్విచ్ ప్లేట్లు తీయించి కొత్తవి పెట్టిస్తారు. ఈ రెండూ తనిఖీ కిందికి రావు. ఇంట్లోని ప్రతి సర్క్యూట్‌ను పరికరంతో కొలిచి, వచ్చిన అంకెను కాగితం మీద రాసి, చూడలేకపోయినవి ఏమిటో కూడా అదే కాగితంలో చెప్పినప్పుడే అది తనిఖీ అవుతుంది. కొనేవారి తరఫున వచ్చే నిపుణుడు అడిగేది ఆ అంకెలనే.

ఇక్కడ చెప్పిన విలువలు 230 వోల్టుల సింగిల్ ఫేజ్ లేదా 400 వోల్టుల మూడు ఫేజుల సరఫరా ఉన్న ఇళ్లకు వర్తిస్తాయి. వీటిలో చాలావరకు అంతర్జాతీయ ఎలక్ట్రోటెక్నికల్ కమిషన్, అంటే ఐఈసీ, 60364 శ్రేణి ప్రమాణాలను అనుసరించినవి. మీ దేశపు నియమావళి ఇంతకంటే కఠినమైన విలువను కోరితే దానినే పాటించాలి.

1. తనిఖీకి సరైన సమయం

ఇల్లు అమ్మకానికి ఉందని ప్రకటించడానికి ముందే తనిఖీ పూర్తి కావాలి. బేరం కుదిరిన తర్వాత బయటపడిన ప్రతి లోపం ధర తగ్గించమనడానికి కారణమవుతుంది. అంతకుముందే తెలిసిన లోపాన్ని మీకు వీలైన సమయంలో, మీరు ఎంచుకున్న పనివారితో సరిచేయించుకోవచ్చు.

రంగులు వేయించే పని కూడా తనిఖీ తర్వాతే పెట్టుకోవాలి. ఎర్త్ వైరు లేని సర్క్యూట్‌కు కొత్త తీగ లాగాల్సి వస్తే, పాత పైపు మూసుకుపోయి ఉన్నచోట గోడ చెక్కక తప్పదు. కొత్త రంగు వేసిన గోడను మళ్లీ చెక్కించడానికి ఎవరికీ మనసు ఒప్పదు. ఆ మొహమాటంతోనే మరమ్మతులు సగంలో ఆగిపోతుంటాయి.

చట్టం ఏమంటుందో ముందుగా తెలుసుకోవాలి, ఎందుకంటే అది దేశాన్ని బట్టి మారుతుంది. ఫ్రాన్స్‌లో విద్యుత్ వ్యవస్థ వేసి 15 ఏళ్లు దాటిన ఇంటిని అమ్మాలంటే తనిఖీ నివేదిక తప్పనిసరి, అమ్మకం వరకు ఆ నివేదిక 3 ఏళ్లు చెల్లుతుంది. ఇంగ్లండ్‌లో అద్దెకిచ్చే ఇళ్లకు గరిష్ఠంగా 5 ఏళ్లకొకసారి తనిఖీ చేయించాలనే నియమం ఉంది గాని, యజమాని తాను ఉంటున్న ఇంటిని అమ్మేటప్పుడు అలాంటి నిర్బంధం లేదు. నిర్బంధం లేనిచోట కూడా కొనేవారు, వారికి అప్పు ఇచ్చే బ్యాంకు, బీమా సంస్థ నివేదిక అడగవచ్చు.

2. తనిఖీదారును ఎంచుకోవడం

తనిఖీదారుకు లైసెన్సు ఉండటం కనీస అర్హత మాత్రమే. వైరింగు చక్కగా వేయగలిగిన ప్రతి ఒక్కరి దగ్గరా కొలిచే పరికరాలు ఉండవు. నియాన్ దీపం ఉన్న స్క్రూడ్రైవర్ టెస్టర్ ఒక్కటే జేబులో పెట్టుకుని వచ్చిన మనిషి తనిఖీ చేయలేడు. ఆ దీపం తీగలో వోల్టేజీ ఉందని చెబుతుంది గాని, ఎర్త్ పనిచేస్తుందో లేదో, ఇన్సులేషన్ ఎంత దెబ్బతిందో చెప్పలేదు.

ఫోనులోనే అడిగి తెలుసుకోవలసినవి:

- ఇన్సులేషన్ టెస్టర్ (మెగ్గర్), లూప్ ఇంపెడెన్స్ టెస్టర్ (ఫేజ్ నుంచి ఎర్త్ ద్వారా తిరిగి వెళ్లే దారి నిరోధాన్ని కొలిచేది), ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరాను తెంచే స్విచ్) టెస్టర్ ఉన్నాయా?
- వాటికి కాలిబ్రేషన్ పత్రం, అంటే అవి సరిగా కొలుస్తున్నాయని నిర్ధారించే పత్రం, ఉందా, దాని గడువు తీరలేదు కదా?
- నివేదికలో సర్క్యూట్ల వారీగా కొలతల పట్టిక ఇస్తారా? గతంలో రాసిన నివేదికలలో ఒకటి, పేర్లు తీసేసి, చూపగలరా?
- ఎన్ని ప్లగ్ పాయింట్లు విప్పి చూస్తారు? అన్నీ కాకపోతే ఎంత భాగం?
- లోపాలు దొరికితే మరమ్మతు తామే చేస్తారా?

చివరి ప్రశ్నకు వచ్చే సమాధానాన్ని జాగ్రత్తగా వినాలి. నా మాట అడిగితే, తనిఖీ ఒకరితోను మరమ్మతు మరొకరితోను చేయించడమే మంచిది. ఒక్కరే దొరికే పరిస్థితిలో, మరమ్మతు ఖర్చు గురించి మాట ఎత్తకముందే సంతకం చేసిన నివేదికను చేతికి తీసుకోవాలి.

3. కాగితాలు, సర్క్యూట్ల పట్టిక

ఇల్లు కట్టినప్పటి వైరింగు నక్షా, పాత తనిఖీ నివేదికలు, తర్వాత జరిగిన మార్పుల బిల్లులు, ఇన్వర్టరు లేదా సౌర ఫలకాల పత్రాలు, మంజూరైన లోడు చూపే కాగితం ఒకచోట చేర్చండి. నక్షా దొరకకపోవడం మామూలే. దాని స్థానంలో సర్క్యూట్ల పట్టిక మీరే తయారు చేసుకోవచ్చు, అది తనిఖీదారుకు చాలా సమయం మిగులుస్తుంది.

ఇద్దరు మనుషులుంటే ఈ పని సులభం. ఒకరు మెయిన్ బోర్డు దగ్గర నిలబడి ఒక్కో ఎంసీబీని (కరెంటు మోతాదు మించితే తనంతట తానే పడిపోయే స్విచ్) దించుతుంటే, రెండోవారు టేబుల్ ల్యాంపు పట్టుకుని గదులన్నీ తిరిగి ఏ పాయింట్లు ఆగిపోయాయో రాసుకోవాలి. ఇన్వర్టరు ఉంటే ముందుగా దాన్ని ఆపేయాలి.

ఈ పని చేస్తుండగానే కొన్ని లోపాలు బయటపడతాయి. ఒక పాయింటు ఒక ఎంసీబీ దించితే ఆగకుండా, మరొకటి కూడా దించితేనే ఆగుతుంటే, రెండు సర్క్యూట్లు ఎక్కడో కలిసిపోయాయని అర్థం. ఇది చిన్న విషయం కాదు. ఒక ఎంసీబీని దించి కరెంటు పోయిందనుకుని పని మొదలుపెట్టిన మనిషికి రెండో దారిలో షాక్ తగులుతుంది. దీన్ని ఎర్ర సిరాతో రాసి తనిఖీదారుకు చూపించండి.

4. కవరు విప్పకుండా మీరే చూసుకోదగినవి

బోర్డు కవర్లు, స్విచ్ ప్లేట్లు మీరు విప్పకూడదు. కళ్లు, ముక్కు, చెవులతో తెలిసేవి మాత్రమే చూడాలి.

- స్విచ్ బోర్డు చుట్టూ గోధుమరంగు మరక, కాలిన వాసన, చిటపటమనే శబ్దం
- పగిలిన ప్లేట్లు, గోడ నుంచి వదులైన బోర్డులు, ప్లగ్గు పెడితే ఊగే సాకెట్లు
- మెయిన్ బోర్డులో మూత లేకుండా తెరిచి ఉన్న ఖాళీ ఎంసీబీ గడులు
- నీరు కారి చెమ్మ ఎక్కిన గోడ మీద ఉన్న బోర్డులు
- గోడకు మేకులు కొట్టి శాశ్వతంగా వాడుతున్న ఎక్స్‌టెన్షన్ బోర్డులు
- వాన తగిలేచోట మూత లేని సాకెట్లు, విడిగా వేలాడే తీగలు
- తరచుగా ట్రిప్ అయ్యే ఎంసీబీ ఏది, ఏ పరికరం వేసినప్పుడు అలా జరుగుతోంది

మసక వెలుతురు, రెపరెపలాడే దీపాలు, ఒక గదిలో మోటారు వేస్తే మరో గదిలో బల్బు మందగించడం కూడా రాసి పెట్టుకోవాలి. ఇవి తనిఖీ రోజున కనబడకపోవచ్చు.

ఆర్‌సీసీబీ మీద ఉన్న టెస్ట్ బటన్‌ను ఒకసారి నొక్కండి. లివరు వెంటనే కిందికి పడాలి. పడకపోతే ఆర్‌సీసీబీ పనిచేయడం లేదు, అది మార్చేదాకా తడి ప్రదేశాల్లోని పరికరాలను వాడటం మానాలి. పడినంత మాత్రాన సంతృప్తి పడకూడదు. ఆ బటన్ లోపలి యంత్రాంగాన్ని మాత్రమే పరీక్షిస్తుంది. ఇంట్లో ఎర్త్ వైరు అసలే లేకపోయినా బటన్ నొక్కితే ఆర్‌సీసీబీ పడుతుంది.

5. తనిఖీ రోజుకు ఇంటిని సిద్ధం చేయడం

సాధారణమైన ఇంటికి పూర్తి తనిఖీ సగం రోజైనా పడుతుంది, అందులో చాలాసేపు కరెంటు ఉండదు. ఇంట్లో వైద్య పరికరాల మీద ఆధారపడినవారు ఉంటే వారికి ముందే వేరే ఏర్పాటు చేయాలి.

- మెయిన్ బోర్డు, మీటరు, ఎర్త్ పిట్ (ఎర్త్ వైరును నేలలోకి కలిపే గుంత) దగ్గరికి దారి ఖాళీ చేయండి. ఎర్త్ పిట్ మూత మీద కుండీ ఉంటే జరపండి.
- బీరువాల వెనుక, మంచాల వెనుక ఉన్న సాకెట్లు అందేలా చేయండి. అందని సాకెట్ నివేదికలో 'చూడలేదు' అని పడుతుంది.
- కంప్యూటర్లు, టీవీలు, రూటర్లు, ఛార్జర్లు అన్నిటి ప్లగ్గులు తీసేయండి. ఇన్సులేషన్ పరీక్షలో 500 వోల్టుల డీసీ ప్రయోగిస్తారు, అది ఎలక్ట్రానిక్ పరికరాలను పాడుచేయగలదు.
- డిమ్మర్లు, సర్జ్ ప్రొటెక్టర్లు, గోడలో బిగించిన స్మార్ట్ స్విచ్‌లు ఎక్కడెక్కడ ఉన్నాయో జాబితా రాసి ఇవ్వండి.
- తాళం వేసిన గదులు, అటక, పంపు గది తాళాలు సిద్ధంగా ఉంచండి.

బ్యాటరీ ఇన్వర్టరు లేదా సౌర ఫలకాలు ఉన్న ఇళ్లలో ప్రత్యేక జాగ్రత్త కావాలి. మెయిన్ స్విచ్ ఆపినా ఇన్వర్టరు తన సర్క్యూట్లకు 230 వోల్టులు ఇస్తూనే ఉంటుంది. ఎండ ఉన్నంతసేపు సౌర ఫలకాల నుంచి వచ్చే డీసీ తీగలలో వోల్టేజీ ఉంటుంది. వీటిని ఎక్కడ, ఏ వరుసలో ఆపాలో మీకు తెలిసినంతవరకు తనిఖీదారుకు రాతపూర్వకంగా ఇవ్వండి. ఈ ఒక్క కాగితం ప్రాణం కాపాడవచ్చు.

6. మొదటి దశ: కరెంటు ఆపి చేసే పరిశీలన, పరీక్షలు

వరుస ముఖ్యం. ముందు కంటితో చూడటం, తర్వాత కరెంటు లేకుండా కొలవడం, ఆఖరున కరెంటు ఉండగా కొలవడం. ఎర్త్ వైరు తెగిపోలేదని తేల్చుకోకుండా కరెంటు ఉన్న పరీక్షలకు వెళ్తే, పరీక్షే ప్రమాదకరం కావచ్చు, ఎందుకంటే తెగిన ఎర్త్‌కు కలిపి ఉన్న లోహపు భాగాలన్నిటి మీదికీ వోల్టేజీ ఎక్కే అవకాశం ఉంటుంది.

కంటితో చూసేటప్పుడు బోర్డు కవరు విప్పి తీగల మందం, ఎంసీబీల రేటింగు, టెర్మినళ్ల బిగువు, వేడికి రంగు మారిన ఇన్సులేషన్ చూస్తారు. తీగల రంగులను నమ్మకూడదు. నీలం తీగ కొన్ని పద్ధతుల్లో న్యూట్రల్, మరికొన్నిట్లో ఫేజ్. పాత ఇళ్లలో పనివారి దగ్గర ఆ రోజు ఏ రంగు ఉంటే అదే లాగేసి ఉంటారు.

తర్వాత కంటిన్యూటీ పరీక్ష. ప్రతి పాయింటు నుంచి మెయిన్ బోర్డు వరకు ఎర్త్ వైరు తెగకుండా ఉందా అని దీనితో తేలుతుంది. 2.5 చదరపు మి.మీ. రాగి తీగ నిరోధం 20 డిగ్రీల దగ్గర మీటరుకు 7.41 మిల్లీ ఓంలు. 20 మీటర్ల దూరంలో ఉన్న పాయింటుకు ఫేజ్, ఎర్త్ రెండూ అదే మందం అయితే మొత్తం సుమారు 0.3 ఓం రావాలి. అదే పాయింటు దగ్గర 3 ఓంలు వస్తే తీగ ఉంది గాని ఎక్కడో జాయింటు వదులైందని అర్థం.

మూడోది ఇన్సులేషన్ పరీక్ష. ఫేజ్, న్యూట్రల్, ఎర్త్ తీగల మధ్య 500 వోల్టుల డీసీ పెట్టి కొలిచినప్పుడు కనీసం 1 మెగా ఓం ఉండాలి. ఇది పాసు మార్కు మాత్రమే. పొడిగా ఉన్న మంచి వైరింగు వందల మెగా ఓంలు చూపుతుంది. మిగతా సర్క్యూట్లన్నీ 200 దాటి, ఒక్కటి 2 మెగా ఓంల దగ్గర ఉంటే, అది నియమం ప్రకారం పాసైనా కారణం వెతికించాలి. ఎక్కువసార్లు అది చెమ్మ ఎక్కిన బయటి జంక్షన్ బాక్సుగానో, ఎలుక కొరికిన తీగగానో, తీయడం మరిచిపోయిన ఏదో పరికరంగానో తేలుతుంది.

చివరిగా, ప్రతి స్విచ్ ఫేజ్‌నే తెంచుతుందా అని చూస్తారు.

7. రెండో దశ: కరెంటు ఉండగా చేసే పరీక్షలు

ఈ దశలో పిల్లలు, పెంపుడు జంతువులు, చూడటానికి వచ్చిన పొరుగువారు బోర్డు దగ్గర ఉండకూడదు.

లూప్ ఇంపెడెన్స్ పరీక్ష ఒకే ప్రశ్నకు సమాధానం చెబుతుంది: ఫేజ్ తీగ లోహపు బాడీకి తగిలితే, ఎంసీబీ తక్షణం పడేంత కరెంటు ప్రవహిస్తుందా? లెక్క ఇలా ఉంటుంది. సి రకం ఎంసీబీ తన రేటింగుకు 10 రెట్ల లోపు కరెంటుకు తక్షణం పడుతుంది. 16 ఆంపియర్ల సి రకానికి 160 ఆంపియర్లు కావాలి. 230ని 160తో భాగిస్తే 1.44 ఓంలు. తీగ వేడెక్కితే నిరోధం పెరుగుతుంది కాబట్టి, చల్లగా ఉన్నప్పుడు కొలిచిన విలువ ఇందులో మూడింట రెండు వంతులు, అంటే సుమారు 0.96 ఓం, దాటకుండా చూసుకోవాలి.

సరఫరా సంస్థ ఎర్త్ ఇవ్వకుండా, ఇంటికి సొంత ఎర్త్ పిట్ మాత్రమే ఉన్నచోట ఈ విలువ పదుల ఓంలలో ఉండటం సహజం. అప్పుడు బాడీకి కరెంటు తగిలితే ఎంసీబీ పడదు. రక్షణ అంతా ఆర్‌సీసీబీ మీదే ఉంటుంది. అలాంటి ఇంట్లో ఆర్‌సీసీబీ లేకపోతే దాన్ని ప్రథమ శ్రేణి లోపంగా లెక్కించాలి. 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ ఉన్నప్పుడు లెక్క ప్రకారం 1,667 ఓంల ఎర్త్ కూడా, లోహపు బాడీ మీద వోల్టేజీ 50 వోల్టులు మించకూడదన్న పరిమితికి సరిపోతుంది. అయితే నేల ఎండిపోతే నిరోధం పెరుగుతుంది కాబట్టి, 200 ఓంలు దాటిన ఎర్త్ నిలకడగా ఉంటుందని అనుకోలేము.

30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీకి చేసే పరీక్షలు మూడు. 15 మిల్లీ ఆంపియర్లకు పడకూడదు, 30కి 300 మిల్లీసెకన్ల లోపు పడాలి, 150కి 40 మిల్లీసెకన్ల లోపు పడాలి. ఈ కాలాలు నివేదికలో అంకెలుగా ఉండాలి, 'ఓకే' అన్న మాట చాలదు.

మూడు ఫేజుల ఇంట్లో న్యూట్రల్ టెర్మినల్‌ను ప్రత్యేకంగా చూడమనండి. న్యూట్రల్ తెగితే 230 వోల్టుల పరికరాల మీద లోడు పంపకాన్ని బట్టి 400 దగ్గరి వరకు వోల్టేజీ పడవచ్చు. ఒక్క వదులు స్క్రూ వల్ల ఇంట్లోని పరికరాలన్నీ ఒక్కసారిగా కాలిపోవడం ఇలాగే జరుగుతుంది.

8. తరచుగా దొరికే లోపాలు, తప్పు మరమ్మతులు, సరైన మరమ్మతులు

ఎర్త్‌కు బదులు న్యూట్రల్ జంపర్. పాత ఇళ్లలో అన్నిటికంటే ప్రమాదకరమైనది ఇదేనని నా అభిప్రాయం. సాకెట్ వెనుక ఎర్త్ పిన్నును చిన్న తీగ ముక్కతో న్యూట్రల్‌కు కలిపేస్తారు. మూడు దీపాల ప్లగ్ టెస్టర్ పెడితే అంతా సరిగా ఉన్నట్టే చూపుతుంది, అందుకే ఇది ఏళ్ల తరబడి దాగి ఉంటుంది. న్యూట్రల్ తీగ ఎక్కడైనా తెగితే, ఆన్‌లో ఉన్న పరికరం ద్వారా ఫేజ్ వోల్టేజీ తిరిగి వచ్చి ఫ్రిజ్ బాడీ మీదికి ఎక్కుతుంది. అప్పుడు ఫ్రిజ్ పనిచేయదు గాని, ముట్టుకుంటే షాక్ కొడుతుంది.

దీన్ని పట్టుకోవడానికి సాకెట్ విప్పి చూడటమే నిశ్చయమైన దారి. జంపర్ తీసేసి, బోర్డు నుంచి నిజమైన ఎర్త్ వైరు లాగాలి. జంపర్ తీసి ఎర్త్ పిన్నును ఖాళీగా వదిలేయడం మరమ్మతు కాదు.

తీగకు మించిన ఎంసీబీ. ఏసీ పెట్టినప్పుడు 16 ఆంపియర్ల ఎంసీబీ పడిపోతుంటే ఎవరో 32 పెట్టేసి వెళ్తారు. గోడలోని 2.5 చదరపు మి.మీ. తీగ మారలేదు కాబట్టి, ఇప్పుడు ఎంసీబీ పడకముందే తీగ వేడెక్కుతుంది. పైపులో, తక్కిన తీగలతో కలిసి వెళ్లే తీగకు ఆ కరెంటు భారం ఎక్కువ. ఎంసీబీని తీగకు తగ్గ రేటింగుకు దించి, ఏసీకి వేరే సర్క్యూట్ లాగాలి. ఇదే కోవలోనిది ఫ్యూజు క్యారియర్‌లో మందపాటి రాగి తీగ చుట్టడం.

న్యూట్రళ్లు కలిసిపోవడం. రెండు ఆర్‌సీసీబీలున్న బోర్డులో ఒకదాని ఫేజ్, మరొకదాని న్యూట్రల్ వాడుకుంటే దీపం వేయగానే ఆర్‌సీసీబీ పడుతుంది. చాలామంది పనివారు ఆర్‌సీసీబీ పాడైందని చెప్పి తీసేస్తారు, లేదా బైపాస్ చేస్తారు. లోపం ఆర్‌సీసీబీది కాదు. ఏ సర్క్యూట్ న్యూట్రల్‌ను ఆ సర్క్యూట్ ఆర్‌సీసీబీ వైపు న్యూట్రల్ బార్‌కే చేర్చాలి. రెండు అంతస్తుల మెట్ల దీపం వైరింగులో ఇది ఎక్కువగా కనబడుతుంది.

న్యూట్రల్‌లో స్విచ్. స్విచ్ ఆపినా బల్బు హోల్డరులో ఫేజ్ ఉంటుంది. ఎల్‌ఈడీ బల్బు ఆపిన తర్వాత కూడా మినుకుమినుకుమంటే దీన్ని ఒక కారణంగా అనుమానించాలి, అయితే ఇండికేటర్ ఉన్న స్విచ్‌ల వల్ల కూడా అలా జరుగుతుంది.

కాలిన టెర్మినళ్లు. స్క్రూ బిగించి ఊరుకోవడం తప్పు. వేడికి గట్టిపడిన, నల్లబడిన తీగను మంచి రాగి కనబడేవరకు కత్తిరించి, స్విచ్‌ను లేదా ఎంసీబీని కూడా మార్చి, తయారీదారు చెప్పిన బిగువుతో బిగించాలి. అల్యూమినియం తీగలున్న ఇళ్లలో రాగితో నేరుగా మెలిపెట్టి టేపు చుట్టిన జాయింట్లు మరీ ప్రమాదకరం. వాటికి ఆ రెండు లోహాల కోసం తయారైన కనెక్టర్లే వాడాలి.

నీటి పైపును ఎర్త్‌గా వాడటం. మధ్యలో ఒక ముక్క ప్లాస్టిక్ పైపు వేసిన రోజున ఆ ఎర్త్ పోతుంది, కుళాయి తిప్పినవారికి షాక్ తగులుతుంది. ఇంటికి సరైన ఎర్త్ ఎలక్ట్రోడ్ వేయించి, లోహపు పైపులను విడిగా బాండింగ్ తీగతో ఆ ఎర్త్‌కు కలపాలి.

స్నానాల గది. ఐఈసీ నియమాల ప్రకారం టబ్బు లేదా షవర్ తొట్టి అంచు నుంచి 60 సెంటీమీటర్ల లోపు మామూలు సాకెట్ ఉండకూడదు. తొట్టి లేని షవర్ అయితే నీటి గొట్టం బిగించిన చోటు నుంచి 1.2 మీటర్లు. ఆ గది సర్క్యూట్లకు 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ ఉండాలి. దగ్గరగా ఉన్న సాకెట్‌కు ప్లాస్టిక్ మూత బిగిస్తే సరిపోదు, దాన్ని అక్కడి నుంచి మార్చాలి.

9. నివేదికను చదవడం

మంచి నివేదిక లోపాలను మూడు శ్రేణులుగా విడదీస్తుంది: ఇప్పుడే ప్రమాదం ఉన్నవి, ప్రమాదానికి దారితీయగలవి, నేటి ప్రమాణాలతో పోలిస్తే మెరుగుపరచదగినవి. మొదటి రెండూ అమ్మకానికి ముందు సరిచేయాలి. మూడోది మీ ఇష్టం. పాత నియమాల ప్రకారం వేసిన ప్రతిదీ ప్రమాదకరం కాదు, ఈ తేడా తెలియక ఇల్లంతా మళ్లీ వైరింగు చేయించినవారు ఉన్నారు.

'మరింత పరిశోధన అవసరం' అని రాసిన అంశాన్ని లోపంగానే భావించి తేల్చుకోవాలి. లేకపోతే కొనేవారు దాన్ని అత్యంత చెడ్డ అర్థంలోనే తీసుకుంటారు.

నివేదిక మీద సంతకం అంగీకరించే ముందు చూడవలసినవి:

- ప్రతి సర్క్యూట్‌కు విడి వరుస, తీగ మందం, ఎంసీబీ రకం, రేటింగు ఉన్నాయా?
- పరికరాల సీరియల్ నంబర్లు, తనిఖీ తేదీ, తనిఖీదారు లైసెన్సు వివరం ఉన్నాయా?
- చూడలేని భాగాలు, పరీక్షించని సర్క్యూట్లు, వాటి కారణాలు రాశారా? అపార్ట్‌మెంటులో అయితే ఉమ్మడి మీటరు గది, కింది నుంచి వచ్చే మెయిన్ కేబుల్ తనిఖీలో ఉన్నాయో లేదో?
- లూప్ ఇంపెడెన్స్ విలువలు సహజంగా మారుతున్నాయా? దూరపు గదికీ బోర్డు పక్క సాకెట్‌కూ ఒకే అంకె ఉంటే అది కొలిచి రాసిన అంకె కాదు.

ఇన్సులేషన్ గడుల్లో మాత్రం అన్నిచోట్లా '200కు పైన' అనో '999కి పైన' అనో ఒకే విలువ ఉండవచ్చు. పరికరం చూపగలిగే గరిష్ఠ విలువ అది. దాన్ని చూసి అనుమానించనక్కరలేదు.

10. మరమ్మతు, మళ్లీ పరీక్ష

మొదటి శ్రేణి లోపం ఉన్న సర్క్యూట్‌ను తనిఖీ రోజునే ఆపేయించి, ఎంసీబీ మీద ఆ విషయం రాసి అంటించాలి. తక్కిన పనులను ఎర్త్ మరమ్మతుతో మొదలుపెట్టి, తర్వాత మెయిన్ బోర్డు, ఆ తర్వాత ఒక్కో సర్క్యూట్, చివరికి స్విచ్ ప్లేట్లు, అలంకారపు దీపాలు అన్న వరుసలో చేయించాలి. డబ్బు మధ్యలో చాలకపోతే ఆగాల్సింది ప్లేట్ల దగ్గర.

గోడ మూసే ముందు కొత్త పైపు దారిని, జాయింట్లను టేపుతో కొలత కనబడేలా ఫొటో తీసి ఉంచండి.

మరమ్మతు చేసిన సర్క్యూట్‌ను తనిఖీదారు మళ్లీ కొలవాలి. బోర్డు మారిస్తే అన్ని సర్క్యూట్లనూ కొలవాలి. కొత్త విలువలను అనుబంధ పత్రంగా, లోపం సంఖ్యతో సహా, పాత నివేదికకు జతచేయాలి. పాత పుటను తీసేసి కొత్తది పెట్టడం తప్పు. లోపం దొరికి సరిచేయబడిందని చూపే నివేదికను, ఏ లోపమూ లేదని చెప్పే నివేదిక కంటే జాగ్రత్తగల కొనుగోలుదారు ఎక్కువగా నమ్ముతాడు.

11. కొనేవారికి ఇవ్వడం

నివేదికను సారాంశంగా కాక పూర్తిగా ఇవ్వాలి. దానితోపాటు వైరింగు పరిపూర్ణంగా ఉందని మీరు మాట ఇవ్వకూడదు. ఈ తేదీన, ఈ భాగాలను, ఈ పరికరాలతో పరీక్షించగా వచ్చిన ఫలితాలు ఇవి అని మాత్రమే చెప్పాలి. తెలిసిన లోపాన్ని దాచడం చాలా దేశాల చట్టాల్లో అమ్మకందారు మీదికే వస్తుంది.

అప్పగించవలసినవి:

- పూర్తి నివేదిక, మరమ్మతు అనుబంధాలు, బిల్లులు
- సరిదిద్దిన సర్క్యూట్ల పట్టిక, దాని ప్రతి ఒకటి మెయిన్ బోర్డు తలుపు లోపలి వైపు
- గోడ మూయకముందు తీసిన ఫొటోలు
- ఇన్వర్టరు, సౌర ఫలకాలను ఆపే వరుస
- ఎర్త్ పిట్ ఉన్న చోటు

తనిఖీకీ అప్పగింతకూ మధ్య కొత్త ఏసీ గాని, ఛార్జింగు పాయింటు గాని పెట్టించవద్దు. పెట్టిస్తే ఆ సర్క్యూట్‌కు మళ్లీ పరీక్ష చేయించాలి. మీరు తీసుకెళ్లే ఫ్యాన్లు, గీజర్లు, దీపాల తీగలను టేపు చుట్టి వదలకుండా కనెక్టరులో బిగించి మూత పెట్టించాలి.

కొనేవారి నిపుణుడికి మీ నివేదికలోని అంకెకు భిన్నమైన అంకె వస్తే వాదనకు దిగవద్దు. ఇన్సులేషన్ విలువ గాలిలోని తేమతోను, తీయకుండా ఉంచిన పరికరాలతోను మారుతుంది. లూప్ విలువ పరికరాన్ని బట్టి కొద్దిగా మారుతుంది. ఆ ఒక్క సర్క్యూట్‌ను ఇద్దరు నిపుణుల సమక్షంలో, పరికరాలన్నీ తీసేసి, మళ్లీ కొలిపించండి. రెండు పరికరాల అంకెలనూ పక్కపక్కన రాసి ఇద్దరితో సంతకం చేయించి, నివేదికకు జతచేయండి.